అక్క వంటింటి గోడలో నేను బిగించిన పైపు

మిర్యాలగూడ వచ్చిందని నాకు కళ్ళకంటే ముందు ముక్కు చెప్పేది. బస్సు ఊరి దాపుకు రాగానే మిల్లుల్లో వడ్లు ఉడికే వాసన కిటికీలోంచి వచ్చి ముఖాన కొట్టేది. కునికిపాట్లు పడుతున్నవాణ్ణి కూడా లేపే వాసన అది. కరోనా వచ్చి పోయిన తర్వాత ఒకసారి ఆ దారిన వెళ్తూ, ఊరు ఇంకా రాలేదనుకొని పుస్తకంలో తల దూర్చి కూర్చున్నాను. కండక్టరు వచ్చి భుజం తట్టాడు.

"సార్, దిగుతరా, డిపోకు వస్తరా మాతోని?"

తలెత్తి చూస్తే బస్టాండు. బస్సంతా ఖాళీ. కిటికీ తెరిచే ఉంది. గాలి వస్తూనే ఉంది. అందులో ఏమీ లేదు.

కొన్ని నెలల్లో తిరిగి వస్తుందన్నాడు డాక్టరు. రాలేదు. నా భార్యకు ఒక్కదానికే తెలుసు. కూర మాడిపోతున్నా పక్కనే కూర్చొని పేపరు చదివే మనిషితో కాపురం చేస్తున్నది కాబట్టి తెలియక తప్పలేదు. మరెవరికీ చెప్పలేదు. సూర్యాపేటలో ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. ఆదివారాలు ఊళ్ళు తిరిగి, నీ ఐదు ఇంద్రియాలతో పరీక్షించనిదే ఏదీ నమ్మకు అని గొంతు చించుకున్నాను. ఆ ఐదింటిలో ఒకటి పోయిందని ఏ నోటితో చెప్పను? ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదని నాకు తెలుసు. అయినా సిగ్గుపడ్డాను. మనిషి అంటే తెలిసినదాని ప్రకారం నడిచేవాడు కాదని అప్పటికైనా నాకు అర్థం కావలసింది.

మాది పెన్‌పహాడ్ దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. ఇద్దరిలో ఒకరే బడికి పోగలిగే రోజుల్లో నేను పోయాను, అక్క మందవెంట పోయింది. ఆమె ముక్కు మందలో పేరుపడ్డ ముక్కు. ఏ గొర్రెకు డెక్కల్లో పుండు పడుతున్నదో, అది కుంటడానికి రెండు రోజుల ముందే వాసన పట్టి చెప్పేది. పెళ్ళయ్యాక కూడా చాలా ఏళ్ళు మందతోనే తిరిగింది. మోకాళ్ళు అరిగిపోయాక బావ గొర్రెలను అమ్మేసి కోదాడలో రెండు గదులు, ఒక వంటిల్లు కట్టించాడు.

వంటింట్లో గట్టు కింద గ్యాస్ బండ ఉండేది. బండ విప్పాలన్నా, బిగించాలన్నా అక్క నేలమీద కూలబడాలి. కూలబడితే లేవలేదు. బండను వెనకాల రేకుల షెడ్డులో పెట్టి, గోడలోంచి పైపు లాగి పొయ్యికి కలిపితే ఆ బాధ తప్పుతుందని చెప్పింది నేనే. ఈ పని ఎవడు పడితే వాడు చేసేది కాదు, ఏజెన్సీలో లైసెన్సు ఉన్న మెకానిక్కునే పిలవండి అని చెప్పింది కూడా నేనే. సూర్యాపేటలో మా ఇంటికి అట్లాగే చేయించాను. ఆ మెకానిక్కు మెడలో కార్డు అడిగి చూసి మరీ లోపలికి రానిచ్చాను.

కోదాడలో మెకానిక్కు వచ్చి, కొలతలు చూసుకొని, రాగి పైపు చుట్టను, నట్లను ఒక సంచిలో పెట్టి వంటింట్లో ఉంచి పోయాడు. మేస్త్రి గట్టు కట్టినప్పుడే గోడకు కన్నం వదిలాడు. బిగించడం ఒక్కటే మిగిలింది. శుక్రవారం వస్తానన్నాడు.

ఆ శుక్రవారం అమావాస్య.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. అదే రోజు పొద్దున నేను మిర్యాలగూడలో ఒక కాలేజీలో మాట్లాడుతున్నాను. విషయం ఏమిటనుకున్నారు? అమావాస్య. చంద్రుడి వెలుతురు మనవైపు పడకపోవడానికీ నీ పెళ్ళికీ, నీ ప్రయాణానికీ, నీ కొత్త బండికీ సంబంధం ఏమిటో ఒక్కడు లేచి చెప్పండి అని సవాలు చేశాను. ఎవరూ లేవలేదు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆ చప్పట్లు చెవుల్లో ఉండగానే హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సెక్కాను, అక్కను చూసి పోదామని.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి అక్క వంటింట్లో నేల మీద కూర్చొని బండ విప్పుతున్నది. ఒక చేత్తో గట్టు అంచు పట్టుకొని ఉంది. పైపు సంచి మూలన అట్లాగే ఉంది.

"మెకానిక్ రాలేదా అక్కా?"

"వస్తనన్నడు తమ్మీ. మీ బావనే వద్దన్నడు."

బావ ముందు గదిలో మంచం మీద కూర్చొని ముక్కుపొడి డబ్బా మూత తీస్తున్నాడు. రోజుకు పదిసార్లు పట్టు పీలుస్తాడు.

"అమావాస్య నాడు కొత్త పొయ్యి పెట్టుకుంటరా బామ్మర్దీ ఎవరన్న? నిప్పుతోటి పని అది. రేపెల్లుండి రమ్మన్న. వారం దాంక రాడంట. ఏం కొంపలు మునుగుతయి?"

"ఆమె మోకాళ్ళు మునుగుతయి బావా. చంద్రుడు కనబడకపోతే గ్యాస్ మండదా?"

"మండుతది. ఎక్కువ మండుతది. గదే నా బాధ."

అని ముక్కులో పొడి పీల్చి, తుమ్మి, నా మెడలో శాలువా చూసి నవ్వాడు. "ఏందయ్యా, ఇయ్యాల యాడనో గెలిచినట్టున్నవ్. మా ఇంట్ల గూడ గెలువాలె, అంతేనా?"

అంతే. ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది.

ఆ క్షణంలో నేను చేయవలసిన పని ఒక్కటే. జేబులోంచి ఫోన్ తీసి, ఆ మెకానిక్కుతో, బాబూ, మా బావ మాట పట్టించుకోకు, ఈరోజే రా అని చెప్పడం. అది తట్టలేదు. తట్టలేదంటే అబద్ధం. తట్టింది, చప్పగా అనిపించింది. మెకానిక్కు వచ్చి బిగిస్తే ఒక పైపు బిగించినట్టు అవుతుంది. నేను బిగిస్తే ఒక మూఢనమ్మకాన్ని ఓడించినట్టు అవుతుంది. అమావాస్య నాడు, అమావాస్య వద్దన్న మనిషి కళ్ళముందు, నా చేత్తో. శాలువా తీసి కుర్చీ మీద వేశాను.

"అక్కా, పానా ఉందా ఇంట్ల?"

"నువ్వా? వద్దు తమ్మీ, అతనే వస్తడు లే."

"ఫిజిక్స్ చెప్పినోడు పైపు బిగించలేడా?"

"బిగిస్తడు, బిగిస్తడు," అన్నాడు బావ మంచం మీది నుంచి. "మా బామ్మర్ది దేవుణ్ణి నమ్మడు గని పానాను నమ్ముతడు."

రాగి పైపును గోడ కన్నం దగ్గర వంచబోతే మడతపడి నొక్కుకుపోయింది. దాన్ని వంచడానికి ఒక పనిముట్టు ఉంటుందని తర్వాత తెలిసింది. నొక్కుకుపోయిన ముక్కను కోసేశాను. ఇప్పుడు పైపు రెండు ముక్కలైంది. బజారుకు పోయి, హార్డ్‌వేర్ షాపులో అతుకు కొనుక్కొచ్చి, నీళ్ళ పైపుకు చుట్టినట్టు తెల్ల టేపు చుట్టి రెండిటినీ కలిపాను. బండను షెడ్డులోకి మార్చి, పైపు ఒక కొస దానికి తగిలించి, రెండో కొస వేలితో మూసి, అతుక్కు సబ్బు నురగ రాశాను. బుడగ రాలేదు. శాస్త్రం ప్రకారం పరీక్షించాను, చూడు బావా, అని చూపించాను కూడా. ఆ తర్వాత పైపును కన్నంలోకి దూర్చితే పొయ్యి వైపు కొస సరిగ్గా కూర్చోలేదు. పట్టుకొని తిప్పాను. కొంచెం బలంగానే తిప్పాను. కూర్చుంది. అతుకు గోడ మధ్యలోకి పోయింది. దాని మీద సిమెంటు పూశాను. బండ దగ్గర ఒకటి, పొయ్యి దగ్గర ఒకటి, బయటికి కనబడే రెండు బిగింపులకూ మళ్ళీ నురగ రాసి చూశాను. బుడగ లేదు.

మూడు అతుకులు. రెండింటికి సాక్ష్యం ఉంది. మూడోదానికి సిమెంటు ఉంది.

అక్క కూర్చోకుండానే, వంగకుండానే, నిలబడి పొయ్యి వెలిగించింది. నీలం మంట. ఆమె ముఖంలో వచ్చిన వెలుగు చూసి నాకు మిర్యాలగూడ చప్పట్లు ఎందుకూ పనికిరానివి అనిపించింది. ముగ్గురం చాయ్ తాగాం. బావ కూడా తాగాడు. "అమావాస్య చాయ్ బాగున్నదా బావా?" అంటే, "జర చక్కెర ఎక్కువైంది," అన్నాడు. అంతకుమించి ఓటమి ఒప్పుకొనే మనిషి కాదు ఆయన.

ఈ కథను నేను తర్వాత రెండు సభల్లో చెప్పాను. ఇది రాయడం కష్టంగా ఉంది గానీ రాయాలి. సూర్యాపేటలో ఒకసారి, దామరచర్లలో ఒకసారి. జనం బాగా నవ్వారు.

వారం తిరిగాక అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, గట్టు కింద ఉల్లిగడ్డల కాడ ఏదో వాసనొస్తంది."

వెనక నుంచి బావ గొంతు: "అమావాస్య వాసనని చెప్పు!" ఆ వెంటనే ఫోన్ ఆయన చేతిలోకి పోయింది. "ఏం బామ్మర్దీ, నేను మొత్తుకున్ననా లేదా? దినం మంచిది కాదన్ననా లేదా?"

"నువ్వు వాసన చూసినవా బావా?"

"నా ముక్కుల నశ్యమే ఉంటది. నాకేం తెలుస్తది? మీ అక్క చెప్తంది."

"చూడనోడివి అమావాస్య వాసనని ఎట్ల తీర్పు చెప్తవు?"

వాదనలో నన్ను ఎవరూ గెలవలేరు. ఈ దేశంలో వాదించడం నేర్చుకున్నవాడికి అదే శాపం. బావ ఆ ఒక్క ముక్క, అమావాస్య, అనకపోయి ఉంటే నేను ఆ పూటే మెకానిక్కును పంపేవాణ్ణి. కానీ ఆయన అన్నాడు. పైపు కారుతున్నదని నేను ఒప్పుకుంటే అమావాస్య గెలిచినట్టు. కాబట్టి పైపు కారడం లేదు. చూడండి ఎంత చక్కటి తర్కమో! అక్కకు ఫోన్‌లో అడ్డప్రశ్నలు వేశాను. ఎప్పుడు వస్తుంది, రోజూ వస్తుందా, ఉల్లిగడ్డలు కుళ్ళాయేమో చూశావా, కాలువ వాసనేమో చూశావా. ఆమె తడబడింది. నేను అడిగిన తీరుకు ఎవరైనా తడబడతారు.

రెండు రోజుల తర్వాత నేనే చేశాను.

"లేదు తమ్మీ. ఇప్పుడేం వస్తలేదు. ఉల్లిగడ్డలే."

"చూసినవా? నేను చెప్పలేదా?"

"ఆఁ, నువ్వు చెప్పినవు."

డెక్కలో పుండును రెండు రోజుల ముందు పట్టే ముక్కు, ఉల్లిగడ్డకూ గ్యాస్‌కూ తేడా తెలియక పొరబడిందని నేను నమ్మాను. ఎందుకు నమ్మాను? నమ్మితే నాకు హాయి కాబట్టి. హాయినిచ్చేదాన్ని నమ్మేవాళ్ళనే కదా ముప్పై ఏళ్ళు తిట్టింది.

నెల దాటాక, అక్కను సూర్యాపేటలో మోకాళ్ళ డాక్టరుకు చూపిద్దామని కోదాడ పోయాను. వెనక వాకిట్లో, షెడ్డుకు దూరంగా గోడవార మూడు రాళ్ళ పొయ్యి కనబడింది. బూడిద తాజాగా ఉంది. పక్కనే కట్టెలు.

"ఇదేంది అక్కా?"

"రొట్టెలు కట్టెల పొయ్యి మీదైతేనే బాగుంటయి తమ్మీ. గ్యాస్ మీద ఏం రుచి ఉంటది?"

"కూర్చొని చేస్తున్నవా? నీ మోకాళ్ళు?"

"ఏం కాలేదు లే. నువ్వు కూసో, చాయ్ పెడత."

బావ ముందు గదిలో టీవీ చూస్తున్నాడు. నేను నీళ్ళ కోసం వంటింటి గుమ్మం దాకా పోయి ఆగిపోయాను.

అక్క వెనక తలుపు బార్లా తెరిచింది. కిటికీ తెరిచింది. గోడకున్న చేట తీసుకుంది. గట్టు కింద అర తలుపులు తీసి, ఒక చేత్తో గట్టు పట్టుకొని, ఒక మోకాలు మీద మెల్లగా కిందికి దిగింది. దిగి, అర లోపలి నుంచి వెనక తలుపు వైపు చేటతో విసరడం మొదలుపెట్టింది. వడ్లలో తాలు పోగొట్టినట్టు. నేలను ఆనించి విసిరింది. చాలాసేపు విసిరింది. ఆగి, ముక్కు పెట్టి చూసింది. మళ్ళీ విసిరింది. అప్పుడు లేచి, చీర కొంగు ముడి విప్పి అందులోంచి లైటరు తీసింది.

లైటరును కొంగున ముడి వేసుకున్నది, బావ చేతికి అందకుండా.

ఎల్పీజీ గాలికంటే బరువైనది, కిందకు దిగి పోగవుతుంది. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు నల్లబల్ల మీద రాసి ఉంటానో. బడి మొహం చూడని అక్క దాన్ని తన ముక్కుతో, మోకాళ్ళతో కనుక్కుంది. కనుక్కొని చేట పట్టుకుంది. నాకు మాత్రం చెప్పలేదు.

"అక్కా, వెలిగించకు!"

నా గొంతుకు ఆమె ఉలిక్కిపడి లైటరు దించింది.

"వాసన వస్తుందా?"

"లేదు తమ్మీ."

"మరి ఎందుకు విసురుతున్నవు?"

"ఉక్కగున్నదని."

నేను నేలమీద పడుకొని అరలో తల పెట్టాను. గట్టిగా పీల్చాను. మళ్ళీ పీల్చాను. ఉల్లిగడ్డలు కనబడుతున్నాయి, వాటి వాసన కూడా లేదు. నా ముఖం చుట్టూ ఏం నిండి ఉందో నాకు తెలియదు. ఉత్త గాలి కావచ్చు. ఈ ఇంటిని లేపేసేది కావచ్చు. తెలుసుకొనే దారి ఒక్కటే, అక్క. అక్కేమో అబద్ధం చెప్తున్నది. ముందు గదిలో మొగుడు ఉన్నాడని, ఆయన ముందు తమ్ముడు ఓడిపోకూడదని.

"అక్కా, నాకు వాసన తెల్వదు," అన్నాను, అరలోనే తల పెట్టి. "కరోనా వచ్చినప్పటి సంది. నాకేం తెల్వదు. నువ్వు చెప్తేనే తెలుస్తది. నిజం చెప్పు."

లైటరు గట్టు మీద పెట్టిన చప్పుడైంది.

"ఎప్పుడూ చెప్పలేదేం రా?" అంది. తర్వాత, మెల్లగా, "వస్తది తమ్మీ. రోజూ వస్తది. ఇయ్యాల ఎక్కువున్నది."

ఆమెను చెయ్యి పట్టి లేపి, వెనక తలుపులోంచి వాకిట్లోకి తెచ్చాను. షెడ్డులో బండ కట్టేశాను. చుట్టు తిరిగి పోయి బావను ముందు వాకిలి నుంచి బయటికి పిలిచాను. వీధిలో నిలబడి మెకానిక్కుకు ఫోన్ చేశాను.

"లోపల స్విచ్చులు ఏమీ ముట్టుకోకండి సార్. వెయ్యొద్దు, తియ్యొద్దు. అందరూ బయటే ఉండండి. వచ్చేస్తన్నా," అన్నాడు. ఆ మనిషిది కోదాడకు అవతలి వైపు ఊరు, మాటలో ఆంధ్ర యాస కలుస్తుంది.

ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. అక్క ఎదురింటి అరుగు మీద కూర్చుంది. నేను ఇంటివైపు చూస్తూ నిలబడ్డాను. వంటింట్లో ఫ్రిజ్ ఉంది. అది తనంతట తాను ఆగుతుంది, తనంతట తాను మొదలవుతుంది. మొదలయ్యేటప్పుడు లోపల చిన్న నిప్పురవ్వ. అది ఎందుకు పుడుతుందో నేను బొమ్మ గీసి చెప్పగలను. ఏ పాళ్ళలో గాలీ గ్యాసూ కలిస్తే అంటుకుంటుందో చెప్పగలను. చెప్పగలను, అంతే. లోపల అది ఏ పాళ్ళలో ఉందో తెలియదు. ఫ్రిజ్ ఎప్పుడు మొదలవుతుందో తెలియదు. పోయి ఆపుదామంటే ఆపడం కూడా ఒక నిప్పురవ్వే. టీవీ ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఏదో సీరియల్‌లో ఎవరో ఏడుస్తున్నారు. ఏమీ తెలియనివాడికి ఉండే ధైర్యం కూడా నాకు లేదు. ఎవరినైనా మొక్కుకోవడానికి కూడా నాకు ఎవరూ లేరు.

బావ నా పక్కకు వచ్చి ముక్కుపొడి డబ్బా తీశాడు. తీసి, ఏమనుకున్నాడో, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"వాసన పోయిందని చెప్పింది మీ అక్క నాతోని," అన్నాడు. "నా తమ్ముడు బిగించింది బాగనే ఉన్నది, నీకెందుకు ఏడుపు అన్నది."

మెకానిక్కు బండి ఆపి గుమ్మం దాకా పోయాడు. లోపల అడుగు పెట్టకుండానే ఆగి, మావైపు తిరిగాడు.

"ఎన్ని రోజుల నుంచి ఇట్లా ఉందండీ?"

 గుమ్మం దగ్గరే తెలిసిపోయేంత వాసనలోకి నేను పొద్దున చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కొని, నవ్వుతూ నడిచిపోయాను.

ఇల్లంతా గాలి ఆడేదాకా అతను ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత గోడ దగ్గర కూర్చొని నా సిమెంటును సుత్తితో మెల్లగా కొట్టాడు. పెళ్ళలు ఊడాయి. అతుకు బయటపడింది. పక్కకు ఒరిగి, టేపు పీలికలు బయటికి వచ్చి ఉంది. చేత్తో కదిపితే కదిలింది.

"ఎవరు చేశారండీ ఇది?"

"ఎవరో దారినపోయేటాయన," అంది అక్క టక్కున. "పేరు తెల్వదు."

"నేనే చేసిన," అన్నాను.

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. "సార్ ఏం చేస్తుంటారు?"

"ఫిజిక్స్ సారు," అన్నాడు బావ. అందులో ఎకసెక్కం లేదు. ఉంటే బాగుండేది.

"గోడలో అతుకు పెట్టగూడదు సార్. కనబడని చోట అతుకే ఉండకూడదు. అందుకే ఒకే చుట్ట తెచ్చిపెట్టాను." పైపు ముక్కను పక్కన పెట్టి, "ఆ రోజు ఒక్క ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి గదా. పెద్దాయన వద్దన్నారని ఆగాను గానీ, గ్యాస్‌కి అమావాస్య ఏముందండీ? లీకు అని ఫోనొస్తే ఏ వేళైనా పోతాం," అన్నాడు.

మిర్యాలగూడలో నేను గంటసేపు చెప్పింది అతను పని చేసుకుంటూ ఒక్క ముక్కలో చెప్పేశాడు. శాలువా అతనికి కప్పాల్సింది.

కొత్త పైపు ఒకే ముక్కగా లాగాడు. గోడలో ముందు ప్లాస్టిక్ గొట్టం దూర్చి, అందులోంచి పోనిచ్చాడు. వంచడానికి స్ప్రింగు లాంటి పనిముట్టు వాడాడు. చిన్న గడియారం లాంటి మీటరు తగిలించి ముల్లు కదులుతుందేమోనని చాలాసేపు చూశాడు. కదలలేదు. అప్పుడు అక్కను పిలిచి, "అమ్మా, ఒకసారి వాసన చూడండి," అన్నాడు. నన్ను పిలవలేదు. అతనికి నా ముక్కు సంగతి తెలియదు. అయినా సరైన మనిషినే పిలిచాడు. అక్క మోకాలు మీద దిగి, అరలో ముఖం పెట్టి, లేచింది.

"ఉల్లిగడ్డలే," అంది. ఈసారి నిజంగా.

బావ మంచం మీద కూర్చొని అప్పుడు డబ్బా తీశాడు. "నేను అననే అన్న. అమావాస్య పూట ముట్టుకోవద్దని."

"బావా, అమావాస్య కాదు," అన్నాను. "నేను. పని రాకుండా చేసిన. అక్క చెప్తే వినలేదు. పౌర్ణమి నాడు చేసినా ఇట్లనే కారేది."

ఇంత స్పష్టంగా నేను నా జీవితంలో ఏ సభలోనూ మాట్లాడలేదు. కారణం, కార్యం, సాక్ష్యం. అన్నీ ఉన్నాయి. నేరస్తుడు ఒప్పుకుంటున్నాడు. ఇంకేం కావాలి?

"ఏ, ఊకో తమ్మీ," అంది అక్క. నా భుజం మీద సిమెంటు దుమ్ము ఉందేమో, కొంగుతో దులిపింది. "నీ చెయ్యి మంచిదే. నాకు తెల్వదా? చిన్నప్పుడు గొర్ల దడి ఎంత గట్టిగ కట్టేటోనివి. ఆ దినమే మంచిది కాదు."

"కాదక్కా..."

"అవు," అన్నాడు బావ వెంటనే. "మనిషి మంచోడే. దినమే మంచిది కాదు."

నన్ను ఆటపట్టించడానికి ఇరవై ఏళ్ళుగా కాచుకొని కూర్చున్న మనిషి, ఇంతకంటే మంచి అవకాశం దొరకదని తెలిసి కూడా, తల ఊపి ఆమెతో కలిశాడు. ఇద్దరూ కలిసి నా తప్పును తీసుకుపోయి చంద్రుడికి అంటగట్టారు. దాన్ని నేను ఒప్పుకోలేను. ఒప్పుకోకపోతే ఆమె చెయ్యిని భుజం మీది నుంచి తోసెయ్యాలి. నెల రోజులు చేటతో విసిరిన చెయ్యి అది. నేను వాదించలేదు.

మెకానిక్కు సంచి సర్దుకొని, నెల తర్వాత ఒకసారి వచ్చి చూసి పోతానని తేదీ చెప్పాడు. అతను బండి ఎక్కగానే అక్క గోడకున్న క్యాలెండరు వైపు చూపించింది.

"తమ్మీ, నాకు సన్నక్షరాలు కనబడయి. ఆ తారీఖున ఏమున్నదో జర సూడు."

"మంగళవారం."

"వారం కాదు రా. తిథి."

కాగితం తిప్పాను. అంకె కింద చీమల్లాంటి అక్షరాలు. కళ్ళద్దాలు సర్దుకొని, దగ్గరికి వంగి చదివాను.

"చతుర్దశి. అమావాస్య ఆ తెల్లారి."

"అయితే ఫరవాలేదు కదా?"

ఆమె నా ముఖంలోకి చూస్తున్నది. అడిగింది తిథి గురించి కాదేమో, నాకు తెలియదు. వంటింటి గోడ మీద కొత్త సిమెంటు ఇంకా తడిగా, నల్లగా ఉంది.

"ఫరవాలేదు అక్కా," అన్నాను.